అర్థం కాని రోజుల్ని వదిలేసి రాకు తల్లీ

తల్లీ,

చదువు ముగించుకుని తిరిగొస్తున్నావనీ, మన సత్తుపల్లిలోనే పిల్లలకు బోటనీ చెప్పాలనుకుంటున్నావనీ మీ నాన్న చెప్పగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఈ ఊళ్లో, ఈ చుట్టుపక్కల పల్లెల్లో ఏ పిల్లవాడు ఏ తరగతిలో ఎందుకు వెనకబడతాడో కొంత తెలిసినవాణ్ణి. అందుకే నువ్వు పెట్టె సర్దుకునే ముందే నాలుగు మాటలు చెప్పాలనిపించింది. పెదనాన్న చాదస్తం అనుకోకుండా నిదానంగా చదువు.

ఇన్నేళ్లు స్కాట్లండ్‌లో ఉన్నావు. బయల్దేరే ముందు ఎవరైనా వెనక్కి తిరిగి చూసుకుంటారు. డాక్టరేట్ పట్టా, అచ్చయిన వ్యాసాలు, మంచి స్నేహితులు, చూసొచ్చిన ఊళ్లు అన్నీ గుర్తొస్తాయి. వాటిని చూసి గర్వపడు, తప్పు లేదు. కానీ టీచరుగా వస్తున్నావు కనుక, అంతకంటే ముందు గుర్తు తెచ్చుకోవలసినవి వేరే ఉన్నాయి. నీకు పాఠం అర్థం కాని రోజులు అవి.

మొదటి చలికాలం మధ్యాహ్నం మూడున్నర దాటగానే పొద్దు కుంకేదని చెప్పేదానివి. క్లాసులో వాళ్ల యాస చెవికెక్కేది కాదన్నావు. అందరూ నవ్వితే ఎందుకు నవ్వారో తెలియక నువ్వూ నవ్వేదాన్నన్నావు. సెమినార్లో ప్రొఫెసరు "దీని మీద నీ అభిప్రాయమేమిటి?" అని అడిగితే నోరు పెగల్లేదన్నావు. ఇంటర్లో, డిగ్రీలో ర్యాంకులు తెచ్చుకున్న పిల్లవి. నీ అభిప్రాయం ఏమిటని అంతకుముందు నిన్ను ఎవరూ అడగలేదు. పుస్తకంలో ఏముందనే అడిగారు. ఆ ఒక్క ప్రశ్నకు తట్టుకుని నిలబడడానికి నీకు దాదాపు ఏడాది పట్టింది.

ఆ ఏడాదిని దాచుకో. ఒక నోటుబుక్కు తీసుకుని, అక్కడ నీకు ఏమేం అర్థం కాలేదో, ఎవరు ఎలా చెబితే అర్థమైందో, ఏ మాట నిన్ను కుంగదీసిందో, ఏ మాట నిలబెట్టిందో జ్ఞాపకం చెరిగిపోకముందే రాసుకో. నువ్వు ఇక్కడ చెప్పబోయే పాఠాలకు అదే అసలు పెట్టుబడి. సిలబస్‌లో ఉన్న విషయాలు పుస్తకాల్లో దొరుకుతాయి, ఇప్పుడు ఫోన్లోనూ దొరుకుతాయి. తెలివైన మనిషి కూడా కొత్త చోట ఎలా మూగబోతుందో తెలిసిన టీచరు మాత్రం అంత సులువుగా దొరకదు.

ఎందుకంటే నీ క్లాసులో కూర్చునే పిల్లలు సరిగ్గా అలా కూర్చుంటారు. దమ్మపేట అవతలి గూడెం నుంచి వచ్చే కోయ పిల్ల ఇంట్లో ఒక భాష మాట్లాడుతుంది, ఆశ్రమ పాఠశాలలో తెలుగు చదివింది, డిగ్రీకొచ్చేసరికి ఇంగ్లిష్ మీడియం సెక్షన్లో పడింది. వేంసూరు నుంచి బస్‌పాసు మీద వచ్చే కుర్రాడు పొద్దున పాలు పిండి, అన్నం తినీ తినకుండా బస్సెక్కి ఉంటాడు. సింగరేణి ఓపెన్‌కాస్ట్‌కు పొలం పోయిన ఇంటి పిల్లవాడు ఒకడుంటాడు. వీళ్లెవరూ మందబుద్ధులు కారు. నువ్వు అక్కడ నవ్విన నవ్వే వీళ్లు ఇక్కడ నవ్వుతుంటారు. "అర్థమైందా?" అంటే "అయింది మేడమ్" అని ముక్తకంఠంతో అంటారు. ఆ మాట నమ్మకు. ఆ మాట వెనక ఏముంటుందో నీకంటే బాగా ఎవరికి తెలుసు?

కాబట్టి పాఠం ముందు తెలుగులో విప్పి చెప్పు. విషయం మనసుకు పట్టాక ఇంగ్లిష్ మాట బోర్డు మీద రాసి, రెండుసార్లు వాళ్లతో పలికించు. పరీక్ష ఇంగ్లిష్‌లో రాయాలి కనుక ఆ మాట వాళ్లకు రావాల్సిందే. అయితే ప్రశ్న మాత్రం ఏ భాషలో వస్తే ఆ భాషలో అడగనివ్వు. తప్పు ఇంగ్లిష్‌లో అడిగిన మంచి ప్రశ్నకు నువ్వు నవ్వావంటే, ఆ సెమిస్టరంతా ఇంకెవరూ నోరు తెరవరు.

పిల్లల ప్రశ్న ఎంత విలువైందో చెప్పడానికి ఒక కథ చెబుతాను. మన పక్కనే ఉన్న నూజివీడు, నందిగామల్లో బడికి వెళ్లి, విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారి పేరు నీకు తెలుసు. సి.ఆర్. రావు అంటే స్టాటిస్టిక్స్ చదివిన ప్రపంచమంతా గుర్తుపడుతుంది. ఆయన ఇరవయ్యో పడిలో కలకత్తాలో పాఠాలు చెబుతున్నప్పుడు, స్టాటిస్టిక్స్ దిగ్గజం ఫిషర్ ఫలితం ఒకటి పెద్ద శాంపిళ్లకు వర్తిస్తుందని వివరించారు. అప్పుడు దండేకర్ అనే విద్యార్థి లేచి, చిన్న శాంపిళ్లకు ఇలాంటిది ఉండదా అని అడిగాడు. రావుగారు విసుక్కోలేదు, సిలబస్‌లో లేదని తోసిపుచ్చలేదు. ఆ రాత్రి కూర్చుని లెక్క తేల్చి, మర్నాడు క్లాసులో జవాబు చెప్పారు. 1945లో అచ్చయిన ఆ ఫలితాన్నే ఇవాళ క్రామెర్-రావు అసమానత అంటున్నారు. అప్పటికి ఆయన ఇంకా విదేశం గడప తొక్కలేదు.

ఆ మరుసటి ఏడాది, 1946లో ఆయన కేంబ్రిడ్జి వెళ్లారు. సూడాన్‌లో తవ్వకాల్లో దొరికిన పాతకాలపు మనుషుల ఎముకల కొలతలను విశ్లేషించే పని మీద వెళ్లి, ఫిషర్ దగ్గరే పరిశోధన చేసి, 1948లో డాక్టరేట్ తీసుకుని కలకత్తా తిరిగొచ్చారు. అక్కడి ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో మూడు దశాబ్దాలు పిల్లల్ని తయారుచేశారు. రిటైరయ్యాకే అమెరికా వెళ్లారు. ఆయన దగ్గర డాక్టరేట్ చేసిన వరదన్‌కు 2007లో గణితంలో ఏబెల్ బహుమతి వచ్చింది. కేంబ్రిడ్జిలో ఆయన ఏం నేర్చుకున్నారో నాకంటే నీకు బాగా అర్థమవుతుంది. నాకు తోచింది మాత్రం ఇది: విద్యార్థి సందేహానికి ఒక రాత్రి నిద్ర ఇవ్వగలిగిన మనిషికే విదేశీ చదువు పూర్తిగా ఉపయోగపడింది.

ఇక రెండో మాట. నువ్వు త్యాగం చేసి వస్తున్నావని ఎవరైనా అంటే ఒప్పుకోకు. పొగడ్తగానే అంటారు. "అక్కడ లక్షలొదులుకుని మన పిల్లల కోసం వచ్చింది" అని సభల్లో శాలువా కప్పి చెబుతారు. ఆ మాట నెత్తికెక్కితే కష్టం. త్యాగం చేశాననుకున్న టీచరు తనకు తెలియకుండానే పిల్లల నుంచి కృతజ్ఞత ఆశిస్తుంది. వాళ్లు చదవకపోతే తనను అవమానించారనుకుంటుంది. పిల్లలకు అది పసిగట్టడం ఎంతసేపు? నీ కోసం ఇంత చేశాను అనే భారం వాళ్ల మీద పెట్టకు. వాళ్లు నీకేమీ బాకీ లేరు. నీకిష్టమైన పని నీకిష్టమైన చోట చేసుకోవడానికి వస్తున్నావు, అంతే.

ఇంకో రకం జనం ఉంటారు. "ఎందుకొచ్చేశావమ్మా, వీసా అయిపోయిందా? అక్కడ ఉద్యోగం దొరకలేదా?" అంటారు. పెళ్లిలో అంటారు, బస్టాండులో అంటారు, బ్యాంకులో క్యూలో అంటారు. వాళ్లమీద కోపం పెట్టుకోకు. ఇక్కడ ఇంటికొకరు అమెరికాకో ఆస్ట్రేలియాకో వెళుతున్న రోజులివి. వెళ్లినవాళ్లు తిరిగి రావడం చాలామంది చూడలేదు. "పాఠాలు చెప్పుకుందామని వచ్చానండీ" అని ఒక్క మాట చెప్పి ఊరుకో. వాదించి ఎవరినీ ఒప్పించలేవు. నాలుగేళ్లు పనిచేస్తే వాళ్లే వాళ్ల పిల్లల్ని తీసుకొచ్చి నీ ముందు కూర్చోబెడతారు.

రానివాళ్లను తక్కువ చేసి కూడా మాట్లాడకు. భీమవరంలో పుట్టి అమెరికా వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు గారు తిరిగి రాలేదు. మందుల మీద ఆయన చేసిన పనివల్ల లోకమంతా బాగుపడింది. రావడం గొప్పా, ఉండిపోవడం గొప్పా అన్న పంచాయితీ మనకొద్దు. వచ్చినవాళ్లు ఇక్కడేం చేశారన్నదే మనకు కావాలి.

అలా వచ్చి చేసినవాళ్లలో భద్రిరాజు కృష్ణమూర్తి గారిని నువ్వు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి. ఒంగోలు మనిషి. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1957లో భాషాశాస్త్రంలో డాక్టరేట్ తీసుకున్నారు. ఆ చదువుతో ఏ గాజు గదిలోనైనా కూర్చోవచ్చు. ఆయన తిరిగొచ్చి రైతు దగ్గరికి వెళ్లారు. నాగలిలో ఏ భాగాన్ని ఏ జిల్లాలో ఏమంటారు, నారు పోసే పనికి ఎక్కడ ఏ మాట వాడతారు అని జిల్లా జిల్లా తిరిగి పదాలు సేకరించే పని నడిపించారు. 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వచ్చింది. తర్వాత చేనేత పదాల సంపుటం వచ్చింది. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను నిలబెట్టారు. కొండదొరల భాష మీద పుస్తకం రాశారు. ఒక్కసారి ఆలోచించు. అమెరికాలో నేర్చుకున్న పద్ధతితో ఆయన మన రైతును విద్వాంసుడి స్థానంలో కూర్చోబెట్టి, తను నోటుబుక్కు పట్టుకుని ఎదురుగా కూర్చున్నారు.

నువ్వూ అలాగే కూర్చోగలవు. నీకు ఇక్కడ సరంజామా లేదని బెంగ వద్దు. ఎక్కడెక్కడ ఏముందో చెబుతాను విను.

మన అడవిలో తునికి ఉంది. ఆ చెట్టును శాస్త్రలోకానికి పరిచయం చేసిన రాక్స్‌బర్గ్ నువ్వున్న దేశంవాడే. ఎడిన్‌బరోలో చదువుకుని, మన సామర్లకోటలో ఏళ్ల తరబడి మొక్కలు పెంచి, బొమ్మలు గీయించి, కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథం వేశాడు. 1795లో మొదలైన ఆ గ్రంథంలోనే తునికి వర్ణన ఉంది. రెండు వందల ఏళ్లకు పైబడి ఎడిన్‌బరోకీ మన అడవికీ ఇలా రాకపోకలున్నాయి. మన తునికిని చూసి రాయడానికి వాళ్లు సముద్రాలు దాటి వచ్చారు. మన పిల్లలకు దాన్ని మైక్రోస్కోపు కింద చూపించడానికి మనకు బద్ధకమెందుకు?

ఆకు కోతకు నెలా నెలన్నర ముందు, చలి వెనకబడగానే తునికి పొదల్ని నేలకి కొట్టేస్తారు. కొత్త చిగుళ్లు వేరు నుంచి బుసబుసా లేస్తాయి. ఆ ఆకు పెద్దదిగా, మెత్తగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ వెళ్లి కోసుకొచ్చి, యాభై ఆకులొక కట్ట కట్టి కల్లంలో అప్పగిస్తారు. నీ క్లాసులో ఆ పని చేసిన పిల్లలు కనీసం నలుగురైనా ఉంటారు. ఆక్సిన్ పాఠం వచ్చినప్పుడు పుస్తకంలోని ఓట్ మొలక బొమ్మతో మొదలుపెట్టకు. వాళ్లలో ఒకర్ని లేపి, "పొదను ఎందుకు కొడతారు? కొట్టకపోతే ఏమవుతుంది?" అని అడుగు. ఆ పిల్ల చెబుతుంది. ఎన్నడూ నోరు విప్పని పిల్ల క్లాసంతటికీ చెబుతుంది. ఆ తర్వాత నువ్వు, కొన మొగ్గలో తయారయ్యే హార్మోన్ కిందికి దిగుతూ పక్క మొగ్గల్నీ వేరు పిలకల్నీ ఎలా అణిచిపెడుతుందో, కొమ్మ తీసేస్తే ఆ అణచివేత ఎలా తొలగిపోతుందో చెప్పు. వాళ్లమ్మ ఏటా చేస్తున్న పనికి కారణం ఫలానా అని తెలిసిన పిల్ల ఆ పాఠం చచ్చినా మరిచిపోదు. సైన్సు తనకు పరాయిది కాదన్న ధైర్యం కూడా ఆ పిల్లకు వస్తుంది.

ఇటు చూస్తే పామాయిల్ తోటలు. అశ్వారావుపేట, దమ్మపేట, మన సత్తుపల్లి చుట్టూ ఎక్కడ చూసినా అవే. ఆఫ్రికా నుంచి వచ్చిన చెట్టు. ఈ చెట్టుకు పరాగసంపర్కం గాలితోనే జరుగుతుందని చాలాకాలం అనుకున్నారు. మలేషియాలో మనుషుల్ని పెట్టి చేత్తో పుప్పొడి చల్లించేవారు. ఆఫ్రికాలో ఆ పని చేస్తున్నది ఒక చిన్న ముక్కు పురుగని తేలాక, 1981లో కామెరూన్ నుంచి దాన్ని మలేషియాకు తెచ్చి వదిలారు. 1985లో మన దేశానికీ వచ్చింది. ఇవాళ మన రైతు లారీకెత్తే ప్రతి గెల వెనకా ఆ పురుగు కష్టం ఉంది. పిల్లల్ని ఒక రోజు పొద్దున్నే పక్క తోటకు తీసుకెళ్లు. విచ్చుకున్న మగ పూగుత్తి ఒకటి కోయించి, తెల్ల కాగితం మీద దులిపించు. సోంపు వాసన గుప్పుమంటుంది. నల్లటి సన్న పురుగులు కాగితం మీద బిలబిలమని పరుగెడతాయి. ఒళ్లంతా పుప్పొడే. తర్వాత ఆడ పూగుత్తి దగ్గరికి తీసుకెళ్లి, అక్కడ ఎన్ని వాలుతున్నాయో పది నిమిషాలు లెక్కపెట్టించు. ఎండెక్కాక మళ్లీ లెక్కపెట్టించు. చినుకు పడ్డ రోజున మరోసారి. ఈ పట్టిక పది మంది పిల్లలు ఒక ఏడాదంతా నింపితే ఏమవుతుందో పరిశోధన చేసినదానివి, నీకు చెప్పనక్కర్లేదు. ఏ కీటకనాశిని ఏ వేళ కొడితే గెల తగ్గుతుందని రైతు అడిగే ప్రశ్నకు జవాబు ఆ దారిలోనే దొరుకుతుంది. పక్కనే అశ్వారావుపేటలో వ్యవసాయ కళాశాల ఉంది, వాళ్ల సాయమూ అడుగు.

మన కాళ్ల కింద బొగ్గు ఉంది. గోదావరి లోయ బొగ్గు పొరల మధ్య రాళ్లలో గ్లాసోప్టెరిస్ ఆకు అచ్చులు దొరుకుతాయని నీకు తెలుసు. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన ఆకులు. 1912లో దక్షిణ ధ్రువం నుంచి వెనక్కి వస్తూ దారిలోనే చనిపోయిన స్కాట్ బృందం సామానులోనూ ఇదే జాతి ఆకు శిలాజాలు దొరికాయి. అంటార్కిటికా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, మన నేల ఒకప్పుడు ఒకే ముద్దగా ఉండేవనడానికి అదొక పెద్ద సాక్ష్యం. పిల్లల్ని గనుల దగ్గరికి ఊరికే పంపకు, ప్రమాదం. సింగరేణి అధికారుల్ని రాతపూర్వకంగా అడుగు. కాలేజీకి నాలుగు నమూనా రాళ్లు ఇమ్మంటే కాదనరనే నా నమ్మకం. గనిలో పనిచేసే తండ్రి రోజూ చూసే రాయి మీద ఖండాల చరిత్ర రాసి ఉందని ఆయన కొడుక్కి తెలియడం చిన్న విషయం కాదు.

తల్లీ, అక్కడి నుంచి తేవలసినవీ తేకూడనివీ కూడా చెబుతాను.

"అక్కడైతేనా" అన్న మాట తేకు. మొదటి నెలల్లో నోటి చివరే ఉంటుంది. మైక్రోస్కోపు పగిలిందంటే అక్కడైతేనా అనిపిస్తుంది, అటెండెన్సు పల్చగా ఉంటే అక్కడైతేనా అనిపిస్తుంది. ఆ మాట ఒక్కసారి స్టాఫ్‌రూములో అన్నావంటే, ఇరవై ఏళ్లుగా ఆ పగిలిన మైక్రోస్కోపుతోనే పిల్లల్ని పాస్ చేయించిన సీనియర్ల మనసు విరుగుతుంది. వాళ్ల దగ్గర నువ్వు నేర్చుకోవలసింది చాలా ఉంది. ఏ పిల్ల ఇంట్లో ఏ గొడవ ఉందో, ఏ పిల్లవాడికి ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగిందో, ఎవరికి ఏ ఊరి చివరి బస్సు ఎన్నింటికో వాళ్లకు తెలుసు. ల్యాబ్ అటెండరును "అన్నా" అని పిలువు. సాఫ్రనిన్ సీసా ఎక్కడుందో, ఏ స్లైడ్ల పెట్టె ఇంకా పనికొస్తుందో ఆయనకే తెలుసు.

తేవలసింది పనిలో నిజాయితీ. మన దగ్గర ప్రాక్టికల్ రికార్డు ఎలా తయారవుతుందో నీకు తెలుసు. సీనియర్ రికార్డులో బొమ్మ చూసి జూనియర్ వేస్తాడు, ఆ సీనియర్ తన సీనియర్‌ది చూసి వేసి ఉంటాడు. స్లైడు మీద ఏముందో ఎవరూ చూడరు. దీన్ని ఒక్కటి మార్చు చాలు. పిల్లలు తాము కోసిన సెక్షన్‌నే, వంకరగా వచ్చినా, చిరిగినా, తమకు కనిపించింది కనిపించినట్టు గీయాలని పట్టుబట్టు. పక్కవాడిది చూసి అందంగా వేసిన బొమ్మకంటే చిరిగిన సెక్షన్‌కు వేసిన నిజమైన బొమ్మకు ఎక్కువ మార్కు వెయ్యి. మొదట గోల చేస్తారు. రెండో సెమిస్టర్‌కి బ్లేడు పట్టడం వచ్చేస్తుంది. చూసింది చూసినట్టు రాయడం అలవాటైన పిల్లవాడు సైంటిస్టయినా, కానిస్టేబులయినా, పంచాయతీ సెక్రటరీ అయినా ఆ అలవాటు ఊరికి మేలు చేస్తుంది.

ఇంకొకటి. నువ్వు రాసిచ్చిన వ్యాసాన్ని మీ గైడు వారంలో తిరిగిచ్చేవారనీ, మార్జిన్లో ఇక్కడ ఇలా ఎందుకన్నావని రాసేవారనీ ఎంత సంబరంగా చెప్పేదానివో. అది తెచ్చుకో. అరవై మంది క్లాసులో అందరికీ ప్రతిసారీ రాయలేవు, నిజమే. వారానికి పదిమందివి తీసుకో. ఎర్ర ఇంకుతో టిక్కు కొట్టి వదిలేయకుండా ఒక్క వాక్యం రాయి. తన కాగితాన్ని ఒక మనిషి నిజంగా చదివిందని తెలిసిన పిల్ల తర్వాతి కాగితాన్ని వేరేగా రాస్తుంది.

ఇక కాగితాల పని. ఇక్కడికొచ్చాక తిరగడంకంటే అక్కడుండగానే పూర్తి చేసుకోవడం నయం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం, క్యూఎస్ వంటి ప్రపంచ ర్యాంకింగుల్లో మొదటి అయిదు వందల్లో నిలిచిన విదేశీ విశ్వవిద్యాలయం ఇచ్చిన పీహెచ్‌డీ ఉంటే నెట్, సెట్ లేకపోయినా అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు అర్హత ఉంటుంది. అయినా వీలుంటే సెట్ రాసి పెట్టుకో, ఎప్పుడు ఏ మెలిక పెడతారో చెప్పలేం. డిగ్రీకి ఈక్వివలెన్స్ పత్రం అడుగుతారు. ఒరిజినల్ మార్కుల పత్రాలు, కోర్సు వివరాలు విశ్వవిద్యాలయం ముద్రతో తెచ్చుకో. పోస్టుల నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో మన చేతుల్లో లేదు. అప్పటిదాకా గెస్టుగా చెప్పవలసి రావచ్చు. పీరియడ్ లెక్కన ఇచ్చే డబ్బు తక్కువే, అదీ ఆలస్యంగా వస్తుంది. ముందే తెలిసి వస్తే మనసు కష్టపడదు. ఇంట్లో అన్నానికి లోటు లేదు, ఆ రెండు మూడేళ్లు మేమున్నాం.

పరిశోధన మాత్రం మానకు. పాఠాలు చెబుతూ చెబుతూ, పరీక్షలు, అడ్మిషన్లు, న్యాక్ ఫైళ్ల మధ్య పడి నీ ప్రశ్న ఒకటుందని మరిచిపోతావేమోనని నా భయం. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి ఆక్స్‌ఫర్డ్‌లో డాక్టరేట్ చేసి వచ్చి, హిమాలయాల దిగువన కాంగ్రా లోయలో గొంతువాపుతో బాధపడే పల్లెజనం మధ్య పనిచేశారు. ఉప్పులో అయోడిన్ కలిపితే ఆ జబ్బు తగ్గుతుందని అక్కడ చూపించారు. ఢిల్లీ ఎయిమ్స్‌లో పాఠాలు చెప్పి, దానికి డైరెక్టర్ అయ్యారు. విదేశాల నుంచి తిరిగొచ్చే జీవశాస్త్రజ్ఞులకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్పుకు ఆయన పేరే పెట్టారు. ఆయన ప్రశ్న ఆక్స్‌ఫర్డ్‌లో లేదు, కాంగ్రా పల్లెల్లో ఉంది. నీ ప్రశ్న కూడా ఈ అడవంచున ఎక్కడో ఉంది. వారంలో ఒక పూట దానికోసం కేటాయించుకో. ఎవరొచ్చి పిలిచినా ఆ పూట ఇవ్వకు.

కొన్నాళ్లకు పిల్లలు నీ దగ్గరికొచ్చి, "మేడమ్, మేమూ ఫారిన్ వెళ్తాం, ఎలా వెళ్లాలి?" అంటారు. నువ్వు తిరిగొచ్చావు కాబట్టి వాళ్లను వద్దనకు. ఏజెంటు చెప్పే రంగుల కథ కూడా చెప్పకు. చలి సంగతి చెప్పు, అద్దెల సంగతి చెప్పు, అప్పు తీరడానికి ఎన్నేళ్లు పడుతుందో లెక్క వేసి చూపించు. ఒంటరితనం గురించి చెప్పు. అక్కడి లైబ్రరీ ఎంత గొప్పదో, మాట తప్పని మనుషులు ఎంతమంది దొరికారో అదీ చెప్పు. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఇరవై లక్షల దాకా ప్రభుత్వం ఇస్తుందనీ, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుతో అలాంటి పథకమే ఉందనీ ఈ పల్లెల్లో చాలామందికి తెలియదు. తెలిసేసరికి గడువు దాటిపోతుంది. ఆ వివరాలు నోటీసు బోర్డు మీద పెట్టించడం నీ బాధ్యత అనుకో. పొలం కుదవపెట్టకుండా ఒక్క పిల్ల వెళ్లగలిగినా నీ పుణ్యమే.

తిరిగొచ్చినవాళ్లలో ఇంకొకరి సంగతీ చెబుతాను. మన పెనుగంచిప్రోలులో పుట్టి ఎడిన్‌బరో వెళ్లి చదివిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు తిరిగొచ్చి కొన్నాళ్లు పాఠాలు చెప్పారు. బందరు జాతీయ కళాశాలలోనూ పనిచేశారు. ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చారు. చివరికి చీరాల-పేరాల ఉద్యమంలో జనం వెంట నడిచారు. ఒక్కొక్కరి దారి ఒక్కొక్కలా ఉంటుంది. నీ దారి ఆయన దారి అవ్వాలని లేదు, సి.ఆర్. రావు గారి దారి అవ్వాలనీ లేదు. క్లాసు గదిలో మంచి పాఠం చెప్పడంతోనే నీ జీవితం గడిచిపోయినా అది చాలా పెద్ద జీవితం. ఈ ఊరికి అలాంటి మనిషి కావాలి.

ఇక మొదటి రోజు సంగతి. పిల్లలు స్కాట్లండ్ కబుర్లు అడుగుతారు, ఫొటోలు చూపించమంటారు. తర్వాత చూపిద్దువుగాని. ఆ రోజు ఒక్కొక్కరికీ ఒక చిత్తు కాగితం ఇవ్వు. ఇంటర్లో బోటనీలో ఏ పాఠం అర్థం కాకుండా బట్టీపట్టారో పేరు రాయకుండా రాసివ్వమను, తెలుగులోనే రాయమను. ఆ కాగితాలన్నీ ఇంటికి తెచ్చుకుని చదువు. నీ మొదటి నెల పాఠాలకు అవే సిలబస్. నీకు అక్కడ సెమినార్లో నోరు పెగలని రోజు గురించి కూడా వాళ్లకు చెప్పు. సిగ్గుపడకుండా చెప్పు. మేడమ్‌కే అలా అయిందా అని వాళ్లు ఆశ్చర్యపోతారు, ఆ తర్వాత కాస్త ఊపిరి పీల్చుకుంటారు.

ఏ పిల్లో నీ బల్ల దగ్గరికొచ్చి, "మేడమ్, నాకిది అర్థం కాలేదు" అని బెదురు లేకుండా అన్న రోజున నువ్వు మంచి టీచరువయ్యావని లెక్క. ఆ మాట నీకు త్వరగా వినిపించాలని, వినిపించినప్పుడల్లా నీకు ఓపిక ఉండాలని దీవిస్తున్నాను.

జాగ్రత్తగా రా తల్లీ.

నీ పెదనాన్న